పేరంటాలు కళ్ళ మీద పద్యం

రాతిబొమ్మల మీద పద్యాలు రాసే కవులు మా రోజుల్లో ఎక్కడ చూసినా ఉండేవారు. చెయ్యి విరిగిన నాట్యకత్తె, ముక్కు పోయిన బుద్ధుడు, చెరువు పూడిక తీస్తుంటే బయటపడ్డ ఏ దేవతో, ఏదో ఒకటి కనిపిస్తే చాలు, వాళ్ళ గుండెలు కరిగిపోయేవి. ఇంట్లో ఆడవాళ్ళు కనిపిస్తే మాత్రం మంచినీళ్ళు అడగాలని గుర్తొచ్చేది. వాళ్ళని వెక్కిరించడానికి ఇది రాయడం లేదు. అలాంటి కవి ఒకాయన రాసిన పద్యాల వల్ల మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి ఉంది. దాన్ని చెప్పకుండా పోతే ఎలాగా అని రాస్తున్నాను. ఓపిక ఉన్నంతవరకూ రాస్తాను.

మా అత్తవారిది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. వానలు పడితే చుట్టూ నీళ్ళే. తాటిదోనె ఎక్కనిదే పక్క ఊరికి పోవడానికి లేదు. వేసవిలో నీళ్ళు వెనక్కి పోతాయి, బురద మిగులుతుంది, ఆ బురద ఎండి బీటలు వారుతుంది. ఊరి చివర, ఎంత నీళ్ళొచ్చినా మునగని మెరక మీద చిన్న గుడి ఉంది. గుడి అంటే నాలుగు రాతి స్తంభాలూ, పైన ఒక బండా, అంతే. అందులో నా నడుమెత్తు రాతిబొమ్మ. కుడిచేయి పైకెత్తి, చేతినిండా గాజులతో, ఎడమచేతిలో కుంకుమ భరిణెతో నిలబడ్డ ఇల్లాలు. పేరంటాలు అంటారు. మా వైపు ముత్తయిదువగా పోయిన ఆడదాన్ని అలా రాతిలో నిలబెట్టి, పసుపు రాసి, గాజులు పెట్టి కొలుస్తారు. ఆ పేరంటాలు మా అక్క. ఊరంతా అలా అనేది. నేనూ అనేదాన్ని.

అక్క మొదటి కాన్పుకి తాడేపల్లిగూడెంలో మా పుట్టింటికి వచ్చింది. ఆడపిల్లని కంది. బాలింత జ్వరం వచ్చి పోయింది. అప్పటికి నేనింకా పరికిణీలు కట్టుకుంటున్నాను. కొన్నాళ్ళకి అక్క వాళ్ళ అత్తగారికి కలలో కనిపించి, నన్ను నిలబెట్టండి, ఊరు చల్లగా ఉంటుంది అందట. ఆ తర్వాత ఊళ్ళో ఎవరికో పూనకం వచ్చి కూడా అదే మాట అన్నారట. బతికున్న కాలంలో ఆ ఇంట్లో అక్క ఏది అడిగినా ఇంత తొందరగా జరగలేదు. బొమ్మ చెక్కించాలని వెంటనే నిశ్చయం చేశారు.

ద్వారకా తిరుమల వైపు గుడి పనులు చేసే రాతిపనాయన ఒకాయన్ని కుదిర్చారు. మామూలుగా అయితే పేరంటాలు బొమ్మకి ముఖం గురించి ఎవరూ పట్టించుకోరు. గుండ్రంగా ఒక ముఖం, బొట్టు, ముక్కెర ఉంటే సరిపోతుంది. కానీ అత్తగారు, నా కోడలు నా కోడలిలాగే ఉండాలి అని పట్టుబట్టారు. అక్కకి ఫొటో లేదు. అప్పట్లో ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయం. తీయించుకోలేదు కాబట్టి నిండునూరేళ్ళూ బతికిందా అంటే అదీ లేదు. ఆ రాతిపనాయన రైలెక్కి మా పుట్టింటికే వచ్చాడు.

"తోడబుట్టినోళ్ళు ఎవరన్నా ఉన్నారాండీ? ఓపాలి నా ఎదర కూకుంటే పోలిక పట్టేసుకుంటానండి" అని మా నాన్నని అడిగాడు.

ఉన్నది నేనొక్కదాన్నే. అమ్మ వల్లకాదంది. పోయినావిడ బొమ్మకి బతికున్న పిల్ల పోలిక పెడితే ఆ పిల్లకి అరిష్టమని ఏడ్చింది. నాన్న తలపట్టుకుని, "ఇంకెక్కణ్ణుంచి తెమ్మంటావే పోలిక?" అన్నారు. చివరికి ఈ సంగతి అక్క అత్తవారికి ఎప్పటికీ తెలియకూడదని మా అందరి దగ్గరా, ఆ రాతిపనాయన దగ్గర కూడా ఒట్టు వేయించుకుని, నన్ను వెనక వసారాలో పీట మీద కూర్చోబెట్టారు.

పసిపిల్ల రాత్రంతా ఏడ్చేది. ఆవుపాలు పడేవి కావు. అమ్మ దుఃఖంతో మంచం దిగేది కాదు. పిల్లని భుజాన వేసుకుని వసారాలో ఈ కొస నుంచి ఆ కొసకి తిరిగేది నేనే. తెల్లారితే ఆ పీట. ఆయన చెక్క పలక మీద బొగ్గుతో గీస్తూ, "కళ్ళు తెరవండమ్మా" అనేవాడు. తెరిచేదాన్ని. అవి మళ్ళీ వాలిపోయేవి. "ఇంక తెరుచుకోవాండీ?" అని విసుగ్గా ఒకసారి అడిగాడు. తెరుచుకోవన్నాను. పోనీలే, దేవత చూపు కిందికి ఉంటే తప్పు లేదని తనే సర్దుకుని గీసుకుపోయాడు.

తమాషా ఏమిటంటే నాకూ అక్కకీ పోలికే లేదు. ఆవిడది నాన్న ముఖం, నాది అమ్మ ముఖం. ఆ గాభరాలో అది ఎవరికీ తట్టలేదు. బొమ్మ నిలబెట్టిన రోజు అత్తగారు చూసి బావురుమన్నారట, అచ్చం నా కోడలే అని. బావ కూడా అచ్చం అదే అన్నాడట. అనరూ మరి? ఆ ఇంట్లో అక్క తలెత్తింది ఎప్పుడు? పొయ్యి ముందు వంచిన తల, పెద్దల ముందు వంచిన తల. వాళ్ళకి మా అక్క పాపిడి తెలుసు గానీ ముఖం తెలియదు.

తర్వాత నన్ను బావకే ఇచ్చారు. పిల్లని పెంచాలి కదా, పరాయిది వస్తే చూస్తుందా అన్నారు. నన్ను అడిగినవాళ్ళు లేరు. అడిగితే ఆ పిల్ల కోసం నేనే సరేననేదాన్నేమో, అది వేరే సంగతి. అత్తవారి ఊళ్ళో దోనె దిగగానే ముందు ఆ మెరక మీదికే తీసుకెళ్ళారు. రెండో పెళ్ళాం ఏ కొత్త చీరైనా ముందు పోయినావిడకి కట్టి, ఆవిడ ఒంటి మీదనుంచి తీసి తను కట్టుకోవాలి. అది మా వైపు ఆచారం. నా కొత్త చీర తీసి రాతికి చుట్టారు. దండం పెట్టుకోమన్నారు. తలెత్తి చూస్తే ఎదురుగా నేనే ఉన్నాను.

ఆ పక్కన నిలబడ్డ మా ఆయన బొమ్మ వైపు చూసి కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, పద అన్నారు. రెండు ముఖాలూ ఒకటేనని ఆయనకి ఆ రోజు తెలియలేదు, తర్వాతా తెలియలేదు.

ప్రతి శుక్రవారం నా ముఖానికి నేనే పసుపు రాశాను. మొదట్లో నవ్వు వచ్చేది. కొన్నాళ్ళకి నవ్వు మానేసి నడుంనొప్పి రావడం మొదలుపెట్టింది. పెద్ద సంసారం. గేదెలు, పాలేళ్ళకి వంటలు, నీళ్ళొస్తే ధాన్యం బస్తాలు అటకెక్కించడం, నీళ్ళు పోతే ఇల్లంతా అలకడం. నాకు పిల్లలు నిలవలేదు. అక్క కూతురొక్కతే. దానికి తలంటి, అన్నం పెట్టి, జ్వరం వస్తే తెల్లవార్లూ కూర్చున్నాను. ఏం చేశానని చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఎవరైనా చేసేదే.

పిల్ల నన్ను పిన్నీ అనేది. సరే, పిన్నినే కదా. కానీ దాని కబుర్లన్నీ రాతికే. బడిలో ఎవరు ఏడిపించారో, ఏ పాట నేర్చుకుందో, అన్నీ ఆ గుడిలో బొమ్మ పాదాల దగ్గర కూర్చుని చెప్పుకునేది. నా దగ్గరికి వస్తే జడ వెయ్యి, ఆకలేస్తోంది, ఈ రెండు ముక్కలే. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, ఒసే పిచ్చిదానా, నువ్వు మాట్లాడేది నా ముఖంతోనే, అదేదో ఇటు తిరిగి మాట్లాడు అని. అంటే ఏమవుతుంది? దానికి తల్లి రెండోసారి పోతుంది. దాని బదులు నాకు కూతురు దొరుకుతుందని ఏముంది? ఆ భయంతోనే నోరు మూసుకున్నాను. ఆ ఇంట్లో నాకు నగల మీద ఆశ లేదు, పెత్తనం మీద ఆశ లేదు. ఆ పిల్ల ఒక్కసారి నన్ను చూడాలి, అంతే. ఆ ఒక్క కోరికతోనే అన్నేళ్ళు ఈదాను.

అలా ఉండగా కవిగారు వచ్చాడు. ఏలూరులో ఒక ప్లీడరు దగ్గర గుమస్తా. గిరజాల జుట్టు, ఖద్దరు లాల్చీ, భుజం మీద ఉత్తరీయం. చలికాలంలో కొల్లేటికి వచ్చే పక్షుల్ని చూద్దామని మా ఆయన స్నేహితుడి వెంట దోనెలో వచ్చి, పక్షుల సంగతి మరిచిపోయి ఆ మెరక మీద నిలబడిపోయాడట. భోజనానికి మా ఇంటికి తీసుకొచ్చారు. పీట మీద కూర్చున్న దగ్గరనుంచి ఒకటే మాట.

"ఆ కళ్ళు చూశారాండీ? నేను చాలా శిల్పాలు చూశానండి. ఆ చూపు ఎక్కడా లేదండి."

నేను పప్పు వడ్డించాను. కూర వడ్డించాను. పులుసు రెండోసారి పోస్తూ, చాలా అని అడిగితే కూడా, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడే గానీ తలెత్తలేదు. ఆ కళ్ళు జానెడు దూరంలో ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది. నవ్వూ వచ్చింది. మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళాను.

మాఘమాసంలో పేరంటాలు తీర్థం జరుగుతుంది. ఆ రోజుకి పద్యాలు రాసుకుని మళ్ళీ వచ్చాడు. మా వీధి అరుగు మీద ఊరి పెద్దలంతా కూర్చున్నారు. ఆడవాళ్ళం తలుపు వెనక. నేను పుట్టింట్లో ఉండగా గూడెంలో మిషన్ బడిలో ఐదో క్లాసు దాకా చదివినదాన్ని. నాన్న రాగం తీసి పద్యాలు చదువుతుంటే విని పెరిగినదాన్ని. పద్యం మంచిదో చెడ్డదో చెవికి తెలుస్తుంది. మొదటి పద్యంలో ముఖం చంద్రబింబం అన్నాడు, సరే అనుకున్నాను. రెండోదాంట్లో నడుము లేదన్నాడు. ఆ రోజు ఉదయం నుంచి పిండివంటలు చేసి నడుం ఉందని నాకు బాగా తెలుస్తూనే ఉంది. ఎత్తిన చెయ్యి లోకాన్ని దీవిస్తోందన్నాడు. పేరంటాలు బొమ్మలన్నిటికీ చెయ్యి అలాగే ఉంటుంది. భర్తకి దూరమై రాయి అయిపోయిందన్నాడు. మా ఆయన గొంతు సవరించుకున్నారు. పదాలు మెత్తగా ఉన్నాయి, నడక బాగుంది, మనిషి మాత్రం ఎక్కడా లేదు. ఎవరి బొమ్మ మీదైనా చదువుకోవచ్చు.

అప్పుడు కళ్ళ మీద పద్యం చదివాడు.

ఆ పద్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఇక్కడ రాయను. భావం చెబుతాను. ఇంటిల్లిపాదీ నిద్రపోయినా మేలుకుని ఉన్న కళ్ళివి. మూసుకుందామంటే ఎవరు పిలుస్తారో అని సగమే మూసుకున్నాయి. తల్లీ, రాయివైపోయాక కూడా నీకు నిద్ర లేదా? అంతే. అందులో చంద్రుడు లేడు, తామరలు లేవు.

తలుపు వెనక కూలబడిపోయాను. ఎందుకు ఏడుస్తున్నానో నాకే తెలియకుండా ఏడ్చాను. నన్ను పీట మీద కూర్చోబెట్టి గీసినాయన కళ్ళు తెరవమన్నాడే గానీ, ఎందుకమ్మా తెరవలేకపోతున్నావు అని అడగలేదు. అమ్మా అడగలేదు, నాన్నా అడగలేదు, కట్టుకున్నాయనా అడగలేదు. ఎవరో ఊరూ పేరూ లేని కుర్రాడు రాతిలో దాన్ని చూసి అడిగాడు. అడిగినవాడు అడిగింది నన్ను కాదు. నేను పులుసు పోస్తే చూడనివాడు, రాయిని పట్టుకుని నిద్ర లేదా తల్లీ అంటున్నాడు. ఆ పద్యం మీద నాకు ఎంత ప్రేమ కలిగిందో, ఆ కుర్రాడి మీద అంత కోపం వచ్చింది.

"చూడండి, తోడబుట్టిన దుఃఖం" అని అత్తగారు నా వీపు నిమిరారు. చుట్టుపక్కలవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. పద్యాలు ఇంకా పెంచి చిన్న కావ్యం చేస్తానన్నాడు కవిగారు. అందుకు వివరాలు కావాలి. మర్నాడు పొద్దున్న అరుగు మీద కూర్చుని, మా ఆయన పక్కనుండగా, తలుపు వైపు తిరిగి అడిగాడు.

"అమ్మగారూ, అక్కయ్యగారి గురించి తమరు నాలుగు మాటలు సెలవిస్తే బాగుంటుందండి. ఎలా ఉండేవారండీ?"

అక్క గురించి నన్ను అలా అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. తలుపు వెనకనుంచే చెప్పాను. మా అక్క పెద్దగా నవ్వేదని, నవ్వితే వీధి చివరిదాకా వినిపించేదని, నాన్న కేకలేసినా ఆపుకోలేకపోయేదని చెప్పాను. బాతులంటే భయమని, కొల్లేటి నీచువాసన పడక పెళ్ళైన కొత్తలో గూడెం వచ్చేస్తానని పేచీ పెట్టిందని చెప్పాను. పాట పాడితే ఇంట్లోవాళ్ళు చెవులు మూసుకునేవారని కూడా చెప్పాను. పిల్ల గడప మీద కూర్చుని వింటోంది. అంతవరకూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది కాస్తా చేతులు ఆపేసింది.

కవిగారు ఓపిగ్గానే విన్నాడు. మర్యాదస్తుడు.

"చాలా బాగున్నాయండి. కానీ ఇది కరుణరసం కదండీ. నవ్వులూ అవీ పెడితే కాస్త అడ్డొస్తాయండి" అన్నాడు. "ఆఖరి క్షణాల్లో ఏమైనా అన్నారాండీ?"

"దాహం అంది" అన్నాను.

అది రాసుకున్నాడు. తర్వాత అచ్చులో చూస్తే, అది భర్త పాదతీర్థం కోసం దాహమైపోయింది. జ్వరంతో నాలుక పిడచకట్టి మంచినీళ్ళు అడిగిన మనిషి మా అక్క. బాలింతరాలికి నీళ్ళు ఇవ్వకూడదని ఎవరూ ఇవ్వలేదు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆ దాహం పద్యం చింపి పొయ్యిలో పెట్టాలనిపిస్తుంది.

ఏలూరు పత్రిక ఒకదాంట్లో పద్యాలు వచ్చాయి. చాలామందికి నచ్చాయట. సాహిత్య సభ పెట్టి, కావ్యాన్ని చదివించి, కవిగారికి శాలువా కప్పాలనుకున్నారు. చదివేది ఎవరు? సాక్షాత్తూ ఆ పేరంటాలు కూతురు చదివితే ఎలా ఉంటుందో చూడండి అని కవిగారే వచ్చి అడిగాడు. పిల్లకి మంచి గొంతు ఉంది. అది మాత్రం తల్లి నుంచి రాలేదు. చిన్నపిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యకూడదని చట్టం వచ్చిన కొత్త కావడంతో దాని పెళ్ళి మాటలు అప్పటికి ఆగి ఉన్నాయి. సభలో పేరొస్తే రేపు మంచి సంబంధాలు వస్తాయని మా ఆయన ఒప్పుకున్నారు.

పిల్ల వారం తిరక్కుండానే పద్యాలన్నీ కంఠస్థం చేసింది. నేను వంట చేస్తుంటే గుమ్మంలో నిలబడి అప్పజెప్పేది. తప్పు పోతే నేను దిద్దేదాన్ని. కళ్ళ పద్యం దగ్గరికి వచ్చేసరికి దాని గొంతు నెమ్మదించేది. తల్లిని తలుచుకుంటోంది కాబోలు అనుకుని నేను పొయ్యిలోకి ఊదుకునేదాన్ని. రోజూ నా పద్యాన్ని అది వాళ్ళ అమ్మకి చదువుతుంటే వినడం చాలా కష్టంగా ఉండేది. ఆ సభ ఎప్పుడు అయిపోతుందా అని చూశాను.

సభ రోజు దోనెలో గట్టు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి ఎడ్లబండి మీద ఏలూరు చేరేసరికి ఒళ్ళు హూనమైంది. సభ ఒక బడి హాల్లో. ఆడవాళ్ళకి ఒక పక్కన వెదురు చాపలు కట్టి చోటు చేశారు. అధ్యక్షులుగారు పెద్ద పండితులు. శిల్పం గొప్పదా కవిత్వం గొప్పదా అని మొదలుపెట్టి ఎంతసేపు మాట్లాడారంటే, నా పక్కనున్నావిడ ఒళ్ళోని పిల్లాడు ఏడ్చి, పాలు తాగి, నిద్రపోయి, మళ్ళీ లేచాడు. శిల్పంలో లేని ప్రాణం కవి పోశాడని చివరికి తేల్చారు. నేను చాపల సందులోంచి పిల్లని చూస్తున్నాను. పట్టుపరికిణీలో బుద్ధిగా కూర్చుంది.

అది చదవడం మొదలుపెట్టగానే హాలు సద్దుమణిగింది. నిజంగానే బాగా చదివింది. పెద్ద పెద్దవాళ్ళు తలలూపారు. దాహం పద్యానికి నా పక్కనావిడ ముక్కు చీదింది. కవిగారు కళ్ళు మూసుకుని వింటున్నాడు. తర్వాతది కళ్ళ పద్యం. అందరూ దానికోసమే చూస్తున్నట్టున్నారు, కాస్త ముందుకి జరిగారు.

పిల్ల ఆగిపోయింది.

మరిచిపోయిందనుకున్నారు. కవిగారు కళ్ళు తెరిచి, మెల్లగా మొదటి మాట అందించాడు. అది అందుకోలేదు. మా చాపల వైపు తిరిగి చూసింది. నేను కనిపించానో లేదో తెలియదు. మళ్ళీ అటు తిరిగి, ఆ పద్యం వదిలేసి, దాని తర్వాత పద్యం ఎత్తుకుంది. చివరిదాకా ఎక్కడా తడబడలేదు.

చప్పట్లు కొట్టారు గానీ మనసారా కొట్టలేదు. కవిగారి ముఖం చిన్నబోయింది. "ప్రాణమంతా అందులోనే ఉంది కదమ్మా! అదే పోయింది కదమ్మా!" అని పిల్ల దగ్గరికి వచ్చి మొత్తుకున్నాడు. పాపం, అతని బాధ నిజమే. మా ఆయన అందరిముందూ దాన్ని చీవాట్లు పెట్టారు. ఇంటి పరువు తీశావన్నారు. పిల్ల తలొంచుకుని నిలబడింది గానీ క్షమించమని అడగలేదు.

మర్నాడు మా ఆయన కోర్టు పని మీద ఏలూరులో ఉండిపోయారు. మేమిద్దరం వెనక్కి వస్తున్నాం. దోనె నడిపే మనిషి వెనక కొసన గెడ వేస్తున్నాడు. నేనూ పిల్లా ముందు వైపు కూర్చున్నాం. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు చికిలించాల్సి వస్తోంది. నాకు మాట్లాడే ఓపిక లేదు. అయినా అడగకుండా ఉండలేకపోయాను.

"ఎందుకే మానేశావు? నిద్రలో లేపి అడిగినా చదువుతావు కదా."

"వచ్చు" అంది నీళ్ళలోకి చూస్తూ.

"మరి?"

"అది అమ్మది కాదు పిన్నీ."

గూడెంలో వేసుకున్న ఒట్టు ఎవరు దాటారు? అమ్మా? నాన్నా?

"ఎవరు చెప్పారే నీకు?"

"ఒకళ్ళు చెప్పేదేంటి?" అంది విసుగ్గా. "అమ్మ వీధి చివరిదాకా వినపడేలా నవ్వేదని నువ్వే చెప్పావు కదా. అలాంటి మనిషికి ఆ కళ్ళు ఎందుకుంటాయి? రోజూ పొయ్యి దగ్గర చూస్తూనే ఉన్నాను కదా. అవి నీవి."

"పోనీ నావే అయితే మాత్రం చదవచ్చు కదే. అంతమందీ అడిగారు" అన్నాను.

"ఏమో పిన్నీ. వాళ్ళంతా తలలూపుతారు. బాగుంది బాగుంది అంటారు. ఇంకోసారి చదవమంటారు. నువ్వు అలిసిపోయావని వాళ్ళకి చెప్పడం నాకిష్టం లేకపోయింది."

దోనెలో తల వంచుకుని కూర్చుండిపోయాను. అన్నేళ్ళ నుంచీ నేను కోరుకున్నది అదే. అది దొరికితే సంతోషంగా ఉంటుందనుకున్నాను. సంతోషం సంగతి తెలియదు గానీ, నెత్తిమీద బరువు ఎవరో పట్టుకుని దింపినట్టు మెడ నరాలన్నీ నొప్పి పెట్టాయి.

అప్పుడు అంతా చెప్పేశాను. పీట సంగతి, బొగ్గు గీతల సంగతి, అమ్మ ఏడుపు, ఒట్టు. తను రాత్రంతా ఏడ్చేదని కూడా చెప్పాను. గెడ వేసే మనిషికి వినపడకుండా గొంతు తగ్గించి చెప్పాను. అన్నీ విన్నాక పిల్ల ముఖంలో రంగు పోయింది. నేను భయపడ్డదంతా ఆ ముఖంలో కనిపించింది.

"అయితే అమ్మ ముఖం ఎక్కడా లేదా?" అంది.

"లేదమ్మా. నాకు గుర్తుంది, అంతే."

దోనె నాచుని కోసుకుంటూ వెళుతోంది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. నా పక్కకి జరిగి కూర్చుంది.

"అయితే చెప్పు. మొదటినుంచీ చెప్పు."

ఊరు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. దిగాక అది మెరక వైపు వెళ్ళలేదు. నాతోపాటు ఇంటికి వచ్చింది. అత్తగారు పక్కింటికి వెళ్ళినట్టున్నారు, లోపల ఎవరూ లేరు. మధ్యాహ్నపు అన్నానికి వేళ మించిపోతోందని నేను పమిట దోపుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళబోతే, పిల్ల అడ్డం వచ్చి నా చేతిలో గిన్నె లాక్కుంది.

"నేను పెడతానులే ఎసరు. నువ్వు కాసేపు పడుకో పిన్నీ."

ఆ ఇంట్లో నన్ను పడుకోమన్న మనిషి అదే మొదలు. నడవాలో చాప వేసుకుని పడుకున్నాను.